ఫస్ట్ క్లాసులో గ్యాస్

శ్రీలక్ష్మి టీచరు ఆ సోమవారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. సంచిలో ఉన్న బుల్లి మిషను తీసి ఫస్ట్ క్లాసు బల్ల మీద పెట్టాలి. ఇంటర్వెల్లో హెడ్మాస్టరు గురునాథం గారికి దాని మీది అంకె చూపించాలి. గది కిటికీలు తెరిపించమని అడగాలి. అంతే. ఆ పథకంలో ఫైరింజను లేదు. వాము నీళ్ళు లేవు. కమిటీ ప్రెసిడెంటు పిల్లల కుర్చీలో కూర్చుని నిద్రపోవడం అసలే లేదు.

ఆవిడ పనిచేసే బడి అండమాన్ దీవుల్లోని లంబాలైన్‌లో, విమానాశ్రయం పక్కనే ఉంది. కొన్ని తెలుగు కుటుంబాలు కమిటీగా ఏర్పడి నడుపుకుంటున్న చిన్న బడి. దానికి ప్రెసిడెంటు కాంట్రాక్టరు బంగారురాజు గారు. ఆయన రెండేళ్ల కిందట ఫస్ట్ క్లాసుకు ఏసీ విరాళంగా ఇచ్చారు. చల్లదనం వృథా కాకూడదని కిటికీలకు ప్లైవుడ్ చెక్కలు కొట్టించి, సందులు కూడా పూడ్పించారు. విమానాల మోత తగ్గిందని అందరూ సంతోషించారు. అప్పటినుంచి ఒకరికి జలుబు చేస్తే వారం తిరిగేసరికి క్లాసంతా తుమ్ముతోంది. భోజనాలయ్యాక పిల్లలు తలలు పట్టుకుంటారు, కాసేపటికి ఆ తలలే బల్ల మీద వాలిపోతాయి.

అందరికంటే ముందు వాలిపోయేది సుమ. పొద్దున ప్రశ్న పూర్తికాకముందే జవాబు చెప్పే పిల్ల, మధ్యాహ్నం తన పేరు అడిగినా ఆలోచిస్తుంది. గోల్ ఘర్‌లో స్టీలు సామాన్ల కొట్టు నడిపే కాశమ్మ ఆ పిల్ల నానమ్మ. మనవరాలి తలనొప్పికి ఆవిడ చేయించని వైద్యం లేదు. టానిక్కు తాగించింది, దిష్టి తీయించింది, చివరికి కళ్ళజోడు కూడా పెట్టించింది. పోయిన శుక్రవారం గురునాథం గారు ఆవిడను పిలిపించి, పిల్ల కాస్త మందంగా ఉందనీ, ఈ ఏడాది మళ్ళీ యూకేజీలో కూర్చోబెడితే నయమనీ చెప్పారు. కాశమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళడం శ్రీలక్ష్మి వరండాలోంచి చూసింది. ఆ రాత్రే భర్త రాజ్‌కిరణ్‌కి చెబితే, గాలిని కొలిచే మిషను అదృష్టవశాత్తూ అతని దగ్గరే ఉంది.

"గాలిలో మనం వదిలిన కార్బన్ డయాక్సైడ్ ఎంతుందో ఇది చూపిస్తుంది," అన్నాడు రాజ్‌కిరణ్, సోమవారం పొద్దున టిఫిన్ తింటూ. "వెయ్యి లోపుంటే ఠీక్ హై. దాటితే మంచిది కాదు, రెండు వేలు దాటితే ఎర్ర లైటు వెలిగి కూస్తుంది. ఏసీ బయటి గాలి తేదు, లోపలి గాలినే తిప్పి తిప్పి చల్లగా ఇస్తుంది. ఆ ముక్క చెప్పు సార్‌కి."

"కార్బన్ డయాక్సైడ్ అంటే సార్ దాని ఫార్ములా చెప్పమంటారు, తర్వాత పిల్లల చేత చెప్పించమంటారు. గంట పోతుంది," అంది శ్రీలక్ష్మి. "గ్యాస్ అంటా. సింపుల్‌గా ఉంటుంది."

"హా, అదే బెటర్. సబ్ కో సమఝ్ మే ఆయేగా," అన్నాడు రాజ్‌కిరణ్.

నిజమే, ఆ మాట అందరికీ అర్థమైంది. అక్కడే చిక్కొచ్చింది.

మొదటి పీరియడ్ అయ్యేసరికే మిషను మీద అంకె వెయ్యి దాటింది. రెండో పీరియడ్ సగంలో రెండు వేలు దాటి, ఎర్ర లైటు వెలిగి, కుయ్ కుయ్ మని కూయడం మొదలుపెట్టింది. పిల్లలకు ఆ కూత బాగా నచ్చింది. వాళ్ళూ కుయ్ కుయ్ మన్నారు. ఇక ఇంటర్వెల్ దాకా ఆగడం కుదరదని, శ్రీలక్ష్మి పిల్లలకు ఒక బొమ్మ వేయమని చెప్పి హెడ్మాస్టరు గదికి వెళ్ళింది.

గురునాథం గారు ఏళ్ల తరబడి కడుపుబ్బరంతో బాధపడుతున్న మనిషి. ఆ సమయానికి ఆయన గ్లాసుతో వాము నీళ్ళు తాగుతున్నారు.

"సార్, ఫస్ట్ క్లాసులో గ్యాస్ ఎక్కువైపోయింది," అంది శ్రీలక్ష్మి.

ఆయన గ్లాసు దించి, సాటి రోగిని చూసినట్టు జాలిగా చూశారు. "ఎవరికి మేడం?"

"అందరికీ సార్. పొద్దున వచ్చినప్పుడు బాగానే ఉంటుంది. మధ్యాహ్నానికి మరీ పెరిగిపోతుంది."

"అవునవును. నాకూ అంతే."

"పిల్లల తప్పేం లేదు సార్. వాళ్ళు వదులుతూనే ఉంటారు కదా. అంతమంది ఒకే గదిలో వదులుతుంటే, కిటికీలన్నీ మూసేసి ఉంటే, అది మాత్రం ఎక్కడికి పోతుంది?"

గురునాథం గారు గోడ మీది దేశపటం వైపు చూపు తిప్పుకున్నారు. "మీరెలా ఉంటున్నారు ఆ గదిలో?"

"అలవాటైపోయింది సార్. నేనూ వదిలేదాన్నే కదా."

ఆయన చూపు అండమాన్ దగ్గర ఆగి, ఇక కదల్లేదు.

"కొలిచే మిషను తెచ్చాను సార్. మీరొకసారి వచ్చి చూస్తే..."

"కొలవక్కర్లేదు," అన్నారాయన తొందరగా. "నేను నమ్ముతున్నాను. మీరు వెళ్ళండి మేడం, నేను ఇప్పుడే ఏర్పాటు చేయిస్తాను."

"మరి కిటికీలు..."

"అవి తర్వాత. ముందు లోపలి సంగతి చూద్దాం."

ఇంత తేలిగ్గా ఒప్పుకుంటారని శ్రీలక్ష్మి అనుకోలేదు. ఈ మనిషి గురించి ఇన్నాళ్లూ అనవసరంగా భయపడ్డానని నొచ్చుకుంటూ క్లాసుకు తిరిగి వెళ్ళింది.

గురునాథం గారు వరండాలోకి వచ్చి, వంటగది వైపు కేక వేశారు. ఫస్ట్ క్లాసుకూ వంటగదికీ మధ్య ఒకే గోడ. అందులో పిల్లలకు మధ్యాహ్నం భోజనం వండే ఆయా యర్రమ్మ అప్పుడే పప్పు పొయ్యి మీద పెట్టింది.

"యర్రమ్మా, ఫస్ట్ క్లాసులో గ్యాస్ అట. పెద్ద గిన్నెడు వాము నీళ్ళు కాచి పిల్లలందరికీ పట్టు."

మొదటి వాక్యం యర్రమ్మకు చక్కగా వినిపించింది. రెండో వాక్యం మొదలయ్యేసరికి చెన్నై విమానం బడి మీదుగా దిగింది. ఆ మోతలో గురునాథం గారి పెదవులు కదలడం, చేతులు పెద్ద గుండ్రంగా తిరగడం మాత్రమే ఆవిడకు కనిపించాయి. గుండ్రంగా, పెద్దగా ఉండేది సిలిండరేనని ఆవిడ గ్రహించింది. పైగా గోడవతల ఏదో కుయ్ కుయ్ మని కూస్తోంది. గ్యాస్ లీకైతే కూసే మిషన్లు ఉంటాయని ఆవిడ టీవీలో చూసింది.

యర్రమ్మ భయపడే మనిషి కాదు. పొయ్యి ఆపింది. గొట్టం ఊడదీసింది. సిలిండర్‌ని వాటేసుకుని, మెట్ల మీదుగా దించి, ఆటస్థలం నడిమధ్యకు దొర్లించుకుపోయింది. తిరిగి వస్తూ బడి గంట పట్టుకుని ఆపకుండా వాయించింది.

గంట ఆపకుండా మోగితే దానర్థం ఆ దీవుల్లో పిల్లలందరికీ అక్షరాల కన్నా ముందే తెలుసు. భూకంపం డ్రిల్లు. ఫస్ట్ క్లాసు పిల్లలంతా క్షణంలో బల్లల కింద దూరి, తలల మీద చేతులు పెట్టుకున్నారు. వాళ్ళను ఆ విద్యలో అంత బాగా తీర్చిదిద్దింది శ్రీలక్ష్మే.

"డ్రిల్లు కాదురా, బయటికి రండి," అంది ఆవిడ.

బల్ల కింద నుంచి సుమ కళ్ళజోడు సరిచేసుకుంది. "గంట ఆగేదాకా ఎవరు పిలిచినా రాకూడదని మీరే చెప్పారు టీచర్."

"ఇప్పుడు నేనే రమ్మంటున్నాను కదా."

"ఎవరు పిలిచినా అన్నారు," అంది సుమ. "మీరు కూడా లోపలికి రండి టీచర్. తల మీద పెంకు పడుతుంది."

ఇద్దరు పిల్లలు చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగారు. గంట ఆగేలా లేదు. శ్రీలక్ష్మి బల్ల కింద కూర్చుని, అక్కడినుంచే పిల్లలకు నచ్చజెప్పబోయింది. సరిగ్గా అప్పుడే గురునాథం గారు తలుపు దగ్గరికి వచ్చారు. క్లాసులో మనుషులెవరూ లేరు. వంగి చూస్తే అందరూ ముడుచుకుని కింద పడున్నారు. టీచరు కూడా మోకాళ్ళు పొట్టకు ఆనించుకుని కూర్చుంది. ఇంత తీవ్రంగా ఉంటుందని ఆయన ఊహించలేదు.

"అలాగే ఉండండి మేడం, లేవకండి," అన్నారు గొంతు తగ్గించి. "వాము నీళ్ళు వచ్చేస్తున్నాయి."

"వాము నీళ్ళు ఎందుకు సార్?" అని శ్రీలక్ష్మి అడిగేలోపే ఆయన వంటగదికి పరిగెత్తారు.

వంటగదిలో పప్పు సగం ఉడికి చల్లారుతోంది. యర్రమ్మ గంట వదిలి అప్పుడే లోపలికొచ్చి, ఫోన్ చెంగున కట్టుకుంటోంది.

"నీళ్ళు కాగలేదేం?"

"గ్యాసేది సారూ కాయడానికి?"

"పిల్లలకి గ్యాస్ ఉందనే కదా కాయమంది."

"ఉండబట్టే గదా బయటెట్టీసినాను."

"ఏది బయట పెట్టావు?"

"గ్యాసు."

గురునాథం గారు కిటికీలోంచి ఆటస్థలంలో ఒంటరిగా నిలబడ్డ సిలిండర్‌ని చూశారు. ఇంకో ప్రశ్న అడిగే ధైర్యం ఆయనకు చాల్లేదు. కానీ యర్రమ్మ అడక్కుండానే చెప్పింది. "కాశమ్మ వదినకి కూడా సెప్పీసినాను సారూ. ఆవిడి మనవరాలు ఆ కిలాసే గదా."

చెప్పడమంటే వాయిస్ మెసేజ్ పెట్టింది. "వదినా, మీ సుమ కిలాసులో గ్యాసంట. పెద్దసారే సెప్పినారు. పిల్లలందరూ బల్లల కింద పడున్నారు. నువ్వు కంగారు పడకు." అందులో అబద్ధం ఒక్కటీ లేదు. కాశమ్మ చివరి మాట తప్ప మిగతాదంతా విని, తల్లిదండ్రుల గ్రూపులోకి తోసింది. ఆ గ్రూపులో చాలామంది తెలుగు గడగడా మాట్లాడతారు గానీ చదవమంటే కూడబలుక్కుంటారు, అందుకని అక్కడ అన్నీ గొంతులతోనే నడుస్తాయి. ఒక్కొక్కరు విని, తమ గొంతు కలిపి ముందుకు పంపారు. మెసేజి గ్రూపు చివరికి చేరేసరికి, పిల్లలు స్పృహ తప్పి పడిపోయారన్నట్టు, "బచ్చే గిర్ గయే" అయింది. కాశమ్మ మాత్రం చివరిదాకా ఆగలేదు. కొట్టు షట్టర్ దించి, ఆటో ఎక్కి, దారిలో రెండు ఫోన్లు చేసింది. ఒకటి ఫైర్ సర్వీసులో పనిచేసే తన చెల్లెలి కొడుకు దేవేంద్రకి. రెండోది ప్రెసిడెంటు బంగారురాజు గారికి.

బంగారురాజు గారు అప్పుడు వండూర్‌లో ఒక గెస్ట్‌హౌస్ గోడకు కాంక్రీటు పోయిస్తున్నారు.

"రాజుగారా, మీరు ఏసీ ఎట్టించిన గది లేదేటి, అందులో గ్యాసు లీకైపోనాదంట," అంది కాశమ్మ.

ఏసీలోంచి గ్యాసు పోవడమంటే ఆయన పరువు పోవడమే. "నేను ఇచ్చిన ఏసీ లీకవడం ఏంటమ్మా? అది నంబర్ వన్ మాల్. ఎవరో కావాలని పుట్టిస్తున్నారు," అని, తన దగ్గరే ఉన్న ఏసీ మెకానిక్కు నాగబాబును జీపులో వేసుకుని బయలుదేరారు.

ఆయన వచ్చేసరికి బడి ముందు స్కూటర్లూ ఆటోలూ నిండిపోయి ఉన్నాయి. వాటి మధ్య ఫైరింజను. తల్లిదండ్రులు పిల్లలను ఎత్తుకుని, తడిమి, వాసన చూసి, ఎవరూ ఏమీ కాలేదని తేలాక కోపం తెచ్చుకునే పనిలో ఉన్నారు. కాశమ్మ సుమను గట్టిగా పొదువుకుని నిలబడింది. సుమకు ఊపిరాడక ఇబ్బంది మొదలైంది అప్పుడే.

దేవేంద్ర హెల్మెట్ పెట్టుకుని గుంపు మధ్యకు వచ్చాడు. "లీక్ కహా హై భయ్యా? ఎవరైనా ఒక్కరు చెప్పండి."

యర్రమ్మ సిలిండర్ వైపు చూపించింది. నాగబాబు, తప్పదన్నట్టు, గోడ మీది ఏసీ పెట్టె వైపు చూపించాడు. గురునాథం గారు చాలాసేపు తటపటాయించి, ఎదురుగా ఉన్న ఒక పిల్లవాడి పొట్ట వైపు చూపించారు.

దేవేంద్ర ముందు సిలిండర్ దగ్గరికి వెళ్ళి, చేత్తో ఎత్తి చూశాడు. "పిన్నీ, ఇది దాదాపు ఖాళీ."

"ఔనా? అందుకే అంత తేలిగ్గా దొర్లినాది," అంది యర్రమ్మ.

నాగబాబు ఏసీ పెట్టె విప్పి చూసి, గ్యాస్ నిండుగా ఉందని ప్రకటించాడు. బంగారురాజు గారి ముఖంలోకి రక్తం తిరిగొచ్చింది. "చూశారా? అయితే ఈ పుకారు ఎక్కడ పుట్టింది? ఫస్ట్ ఎవరన్నారు గ్యాస్ అని?"

యర్రమ్మ గురునాథం గారిని చూసింది. గురునాథం గారు శ్రీలక్ష్మిని చూశారు. శ్రీలక్ష్మి నోరు తెరిచింది. అంతలో వాన పడింది.

ఆ దీవుల్లో వానకు ముందస్తు మర్యాదలేవీ ఉండవు. ఒక్కసారి బిందెలతో కుమ్మరించినట్టు దిగింది. అందరికీ దగ్గరగా ఉన్నది ఫస్ట్ క్లాసే. తల్లులు, తండ్రులు, పిల్లలు, హెల్మెట్లతో ఫైర్ సర్వీసు వాళ్ళు, అందరూ అందులోకి దూరారు. జల్లు లోపలికి కొడుతోందని ఆఖరున వచ్చినవాళ్ళు తలుపు మూశారు. బంగారురాజు గారు స్వయంగా ఏసీ వేశారు.

"ఇప్పుడు చెప్పండి మేడం," అన్నారు.

గదిలో కాలు కదపడానికి చోటు లేదు. తన పథకంలో హెడ్మాస్టరు ఒక్కరే ఉన్నారని శ్రీలక్ష్మికి గుర్తొచ్చింది. పైగా తన ఉద్యోగం ఇంకా పర్మనెంట్ కాలేదనీ, చేయాల్సింది ఎదురుగా ఉన్న ఈయనేననీ కూడా గుర్తొచ్చింది. అయినా నానమ్మ చంకలో సుమ కనిపిస్తోంది.

"నేనన్నది మనం వదిలే ఊపిరి గురించి సార్. గది మూసేసి ఉంటే ఆ గాలే మళ్ళీ మళ్ళీ పీలుస్తాం. దానివల్ల పిల్లలకు తలనొప్పి, మగత. ఒకరి దగ్గు అందరికీ అంటుకుంటుంది. ఏసీ మంచిదే. కానీ అది బయటి గాలి తీసుకురాదు. ఈ మిషను చూడండి, ఇప్పటికే..."

"ఊపిరా?" అన్నారు గురునాథం గారు. అన్నాక, ఉదయం తను అనుకున్నదంతా గుర్తొచ్చి, దేశపటం కోసం చూశారు. అది ఈ గదిలో లేదు.

బంగారురాజు గారు నవ్వారు. "మేడం, గ్యాస్ కొట్టకండి. చల్లటి గాలికి రోగాలొస్తాయని ఎక్కడైనా విన్నామా? బడా బడా ఆఫీసుల్లో ఏసీలు లేవా? ఇంతమందిమి ఉన్నాం కదా ఈ గదిలో. వాన తగ్గేదాకా ఇక్కడే కూర్చుందాం. ఎవరికైనా ఏమైనా అయితే నన్నడగండి."

అలా అని ఆయన ఊరుకుంటే బాగుండేది. కానీ ఇంతమంది ఒక్కచోట, బయటికి పోయే వీలు లేకుండా దొరకడం ఆయనకు అరుదు. ఏసీ చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. విశాఖపట్నంలో దాన్ని ఎలా బేరమాడారో, ఎలా ఓడెక్కించారో వివరంగా చెప్పారు. బల్ల మీది మిషను కుయ్ కుయ్ మంటూనే ఉంది. అంకె మూడు వేలు దాటింది. ఏసీ ఇంకా సముద్రం మధ్యలో ఉండగానే వెనక నిలబడ్డవాళ్ళు గోడలకు జారగిలబడ్డారు. ముందు ఒక తండ్రి ఆవులించాడు. అది చూసి నాగబాబు ఆవులించాడు. దేవేంద్ర హెల్మెట్ తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని మీద గడ్డం ఆనించాడు. గురునాథం గారు కళ్ళు మూసుకుని ప్రతి మాటకూ తల ఊపుతున్నారు. మాటలు ఆగినప్పుడు కూడా ఊపుతున్నారు.

"ఓడ మెయిన్‌ల్యాండ్ దాటాక... దాటాక ఏమైందంటే..." అని బంగారురాజు గారు ఆగారు. ఏమైందో ఆయనకు అందలేదు. నుదురు రుద్దుకున్నారు. కాసేపు కూర్చుని చెబుతానని, పక్కనున్న ఫస్ట్ క్లాసు పిల్లల కుర్చీలో ఎలాగో ఇమిడి కూర్చున్నారు. ఆ తర్వాత ఓడ ముందుకు సాగలేదు. సన్నగా గురక వినిపించింది.

కాశమ్మ కణతలు నొక్కుకుంది. "నాకేటో తల పట్టీసినాదే. కళ్ళు లాగెస్తన్నాయి."

సుమ నానమ్మ చెంప మీద చెయ్యి వేసింది. "ఏం కాదు నానమ్మా. అన్నం తిన్నాక రోజూ ఇంతే ఉంటుంది. బల్ల మీద తల పెట్టుకుంటే కొంచెం తగ్గుతుంది."

"రోజూనా?"

"ఊఁ. ఆదివారం ఉండదు."

కాశమ్మ మనవరాలి ముఖంలోకి చూసింది. టానిక్కు సీసాలూ, కళ్ళజోడూ, శుక్రవారం తను కార్చిన కన్నీళ్ళూ అన్నీ ఒక్కసారి ఆవిడ కళ్ళ ముందు తిరిగాయి. మనవరాలి కళ్ళజోడు తీసి తన కొంగున కట్టుకుంది.

"ఒరే దేవేంద్రా," అంది.

దేవేంద్ర ఉలిక్కిపడి లేచాడు. "పెద్దమ్మా, ఎక్కడ మంట?"

"మంట లేదు. ఆ సెక్కలు పీకీ."

దేవేంద్ర ఇంత దూరం వచ్చి ఏ పనీ చేయకుండా వెళ్ళాల్సి వస్తుందని లోలోపల దిగులుగానే ఉన్నాడు. ఇనప గడ్డపార తెచ్చి మొదటి కిటికీ చెక్క సందులో దూర్చాడు. నాగబాబు ఎవరూ చెప్పకుండానే ఏసీ ఆపేసి, రెండో కిటికీకి చెయ్యి వేశాడు. చెక్కలు ఊడి పడ్డాయి. వాన అప్పటికి పలచబడింది. తడి మట్టి వాసనతో, ఉప్పు వాసనతో సముద్రపు గాలి ఈ కిటికీలోంచి వచ్చి ఆ కిటికీలోంచి పోయింది. జనం ఒక్కొక్కరే నిటారుగా కూర్చున్నారు. మిషను మీది అంకె గబగబా దిగి, కూత ఆగింది. ఎర్ర లైటు పోయి ఆకుపచ్చది వెలిగింది. పిల్లలు దానికి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకు బంగారురాజు గారు మేలుకున్నారు. ముఖానికి చల్లటి గాలి తగిలింది. తల తేలిగ్గా ఉంది. ఉపన్యాసానికి జనం చప్పట్లు కొడుతున్నారు. ఆయన ఆనందంగా చేతులు చాచారు.

"చూశారా, ఏసీ ఎంత బాగా పనిచేస్తోందో."

నాగబాబు ఆయన దగ్గరికొచ్చి, చెవిలో చెబుదామనుకున్నాడు గానీ గది అంతా నిశ్శబ్దంగా ఉండడంతో అందరికీ వినబడింది.

"రాజుగారూ, ఏసీ ఆపేసి చాలాసేపైందండీ."

బంగారురాజు గారు కిటికీలను చూశారు. కింద పడ్డ చెక్కలను చూశారు. లేచి నిలబడ్డారు. కుర్చీ కూడా ఆయనతో పాటు లేచింది. దాన్ని దేవేంద్ర ఒక వైపు, గురునాథం గారు ఒక వైపు పట్టుకుని లాగుతుండగా, ఆయన కాంట్రాక్టరు కాబట్టి ఆ కొద్ది వ్యవధిలోనే ఒక నిర్ణయానికి వచ్చారు.

"ఈ కిటికీలు చిన్నవి," అన్నారు గంభీరంగా. "ఇంకా పెద్దవి పెట్టించాలి. దోమలు రాకుండా జాలీ కొట్టించాలి. పైన ఒక ఎగ్జాస్ట్ ఫ్యాను. ఈ సంగతి కమిటీలో పెట్టాలని నేనే ఎప్పటినుంచో అనుకుంటున్నాను. కదా మాష్టారూ?"

"ఔనండి," అన్నారు గురునాథం గారు. ఆయనకు ఆ రోజు కాదనడానికి ఓపిక మిగల్లేదు.

ఆ మధ్యాహ్నం పిల్లలకు భోజనం ఆలస్యమైంది. యర్రమ్మ సిలిండర్‌ని మళ్ళీ మెట్లెక్కించింది. కాశమ్మ శ్రీలక్ష్మి దగ్గరికి వచ్చి ఆవిడ రెండు చేతులూ పట్టుకుంది. మర్నాడు కొట్టులోంచి ఒక పెద్ద స్టీలు టిఫిన్ డబ్బా పంపించింది. యూకేజీ మాట గురునాథం గారు మళ్ళీ ఎత్తలేదు.

పదిహేను రోజుల్లో పెద్ద కిటికీలు వచ్చాయి. ఎండ మరీ మండినప్పుడు ఏసీ వేస్తున్నారు, అప్పుడు కూడా ఒక కిటికీ ఓరగా తెరిచే ఉంచుతున్నారు. దగ్గులు తగ్గాయి. తలనొప్పి అన్నవాళ్ళు లేరు. మిషను పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఆకుపచ్చగానే ఉంటోంది. భోజనాలయ్యాక బల్ల మీద వాలే తల ఒక్కటీ లేదు.

ఒక్కటీ లేదు. శ్రీలక్ష్మికి ఆ మాటకు పూర్తి అర్థం నెమ్మదిగా తెలిసొచ్చింది. రెండేళ్లుగా ఆవిడ చూసింది మగతలో ఉన్న పిల్లలను. అసలు పిల్లలు ఎలా ఉంటారో ఇప్పుడు చూస్తోంది. మధ్యాహ్నం ఎక్కాలు చెబుతుంటే ఒకడు బల్లెక్కుతాడు, ఇంకొకడు ఎందుకని అడుగుతాడు, మిగతావాళ్ళు ఇద్దరి తరఫునా వాదిస్తారు. విమానం మోత వినబడగానే క్లాసు మొత్తం కిటికీల దగ్గరికి పరుగు. ఏ విమానం ఎక్కడినుంచి వస్తోందో సుమ చెప్పాలి, అందరూ పైలట్‌కి టాటా చెప్పాలి, విమానం దిగి ఆగేదాకా ఎవరూ వెనక్కి రారు. సుమ ఇప్పుడు ఒక ప్రశ్నకు జవాబు చెప్పి ఊరుకోవడం లేదు, ఎదురు నాలుగు అడుగుతోంది.

వారం తిరిగేసరికి శ్రీలక్ష్మి గొంతు పోయింది. శుక్రవారం మధ్యాహ్నం గురునాథం గారు ఫస్ట్ క్లాసు గుమ్మంలో నిలబడ్డారు. లోపల కోల్‌కతా విమానానికి స్వాగతం జరుగుతోంది. ఆ హోరులో ఆయన శ్రీలక్ష్మి దగ్గరగా వంగి, మొహమాటంగా అడిగారు.

"మేడం, రోజూ వద్దు. భోజనాలయ్యాక ఒక్క గంట. ఒక్క కిటికీ మూసి చూద్దామా?"

శ్రీలక్ష్మి వద్దని తలూపింది, కాకపోతే వెంటనే ఊపలేదు.